కొత్తవాడ జంపఖానా మీద సారుగారి చూయింగ్ గమ్

కార్పెట్ మీద పడ్డ చూయింగ్ గమ్‌ను తీసెయ్యాలని చూసేవాళ్ళు అభివృద్ధి నిరోధకులని నా నిశ్చితమైన అభిప్రాయం!

తొందరపడి తిట్టకండి. ముందు వినండి.

మొన్న ఒక వారపత్రికలో గృహిణులకు చిట్కాలు చదివాను. కార్పెట్‌కు చూయింగ్ గమ్ అంటుకుందా, బెంగపడకండి, ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసి రుద్దండి, గట్టిపడ్డాక మొండి కత్తితో గీకండి అని రాశారు. ఎంత నాగరికమైన కష్టం! ఈ కష్టం రావాలంటే ఇంట్లో కార్పెట్ ఉండాలి, నమిలే నోరుండాలి, ఐసు కాసే ఫ్రిజ్ ఉండాలి. తొర్రూరు వైపు బళ్ళో మేము గోనెపట్టాల మీద కూర్చుని చదువుకున్నాం. వాటికి బురద అంటింది, సిరా అంటింది, ఎవరి జేబులోంచో కారిన బెల్లం కూడా అంటింది. చూయింగ్ గమ్ మాత్రం ఒక్కనాడూ అంటలేదు. అంత భాగ్యం మాకెక్కడిది?

అయితే ఆ చిట్కాలో ఒకటి రాయడం మరిచిపోయారు. గీకే మనిషి! నమిలినవాడు గీకడు కదా. అందుకు వేరే ఒకరుండాలి. ఆ ఒకరు ఎక్కడ దొరుకుతారో పత్రికవారు చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలుసు కాబోలు.

ఇక చూయింగ్ గమ్ గొప్పతనం సంగతి. పాన్ తిన్నవాడు ఎక్కడ ఉమ్మినా నోరు ఎర్రబడి దొరికిపోతాడు. బీడీ తాగినవాణ్ని వాసన పట్టిస్తుంది. మరి చూయింగ్ గమ్? నమిలినవాడి నోరు కడిగిన ముత్యంలా ఉంటుంది. మరక అంతా కిందివాడి బట్టకే! పెద్దమనుషుల కోసం ఇంతకన్నా పెద్దమనిషి తరహా వస్తువును ఎవరైనా కనిపెట్టగలరా?

ఆఫీసర్లకైతే ఇది ప్రాణవాయువు. అర్జీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడికి జవాబు చెప్పనక్కరలేదు. నములుతూ కూర్చుంటే చాలు. సారు తన విషయమే దీర్ఘంగా ఆలోచిస్తున్నాడనుకుని ఆ అమాయకుడు దండం పెట్టి వెళ్ళిపోతాడు.

ఇంకా నమ్మకం కుదరని వాళ్ళుంటే, వరంగల్ కొత్తవాడ సరోజన సంగతి వినండి.

సరోజన కోడలిగా కొత్తవాడకు వచ్చింది. పెనిమిటి పవర్‌లూమ్ పనికి భీవండి పోయాడు. ఇంట్లో మామ మొగిలయ్య, మగ్గం, ఆమె మిగిలారు. పెద్ద జంపఖానా నెయ్యాలంటే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కొడుకు కూర్చునే చోట మొగిలయ్య కోడల్ని కూర్చోబెట్టాడు. ఏడాది తిరగకముందే ఆయన చేతులకు వణుకు వచ్చింది. ఆయన సగం కూడా ఆమే నెయ్యసాగింది. చూసేవాళ్ళకు మాత్రం అది మొగిలయ్య జంపఖానాయే. కొన్నవాళ్ళకు షాపువాడి జంపఖానా. దాని మీద కూర్చున్నవాళ్ళకు ఎవరిదీ కాదు.

ఇట్లా ఉండగా ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు కొత్తవాడ నుంచి ఒక జంపఖానా పంపాలని నేతవాళ్ళ సొసైటీవారు అనుకున్నారు. ఈసారి నేసిన మనిషి పేరు గుడ్డ మీద అచ్చువేయించి, జంపఖానా అడుగున ఒక మూలకు కుట్టాలని కూడా నిర్ణయించారు. పేరు అడగడానికి వచ్చిన మనిషితో మొగిలయ్య, "నా పేరెందుకు? నేసింది నా కోడలు. సరోజన అని రాసుకో" అన్నాడు.

అరచేతిలో పట్టేంత తెల్లగుడ్డ. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. 'నేసినవారు: సరోజన, కొత్తవాడ, వరంగల్.' అచ్చులో తన పేరు చూసుకోవడం ఆమెకు అదే మొదలు. సరోజన దాన్ని మడత పడనీయకుండా దేవుడి గూట్లో పెట్టింది. దీపం పెట్టినప్పుడల్లా దేవుణ్ని కాస్త, గుడ్డను కాస్త చూసేది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో జంపఖానా పూర్తయింది. మొగిలయ్య ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీంచి దించిన జంపఖానాను బయటికి పంపే ముందు వాడకట్టు వాళ్ళు వచ్చి, కాళ్ళు కడుక్కుని, దాని చుట్టూ కూర్చుని, అరచేతులతో తడిమి చూడాలి. ఎక్కడైనా ముడి తగిలితే కంటికన్నా ముందు చేతికే తెలుస్తుంది. ఆ రోజూ అందరూ అట్లాగే కూర్చుని ఉన్నారు. పక్కింటి నేతగాడు పర్శరాములు, ఎదురింటి ముసలి బక్కమ్మ, ఇంకా నలుగురైదుగురు.

సరిగ్గా అప్పుడే రాజేశ్వర్ రావు సారు జీపు దిగాడు.

సారు సర్కారు ఆఫీసరు. ఆఫీసు ఊళ్ళోనే, సుబేదారిలో. ఏ జంపఖానా ఢిల్లీకి పోవాలో తేల్చేది ఆయనే. డాక్టరు సిగరెట్ మానెయ్యమన్నాడట. బామ్మర్ది బొంబాయి నుంచి చూయింగ్ గమ్ పెట్టెలు పంపుతున్నాడట. సారు వాటిని వినయంగా, విరామం లేకుండా నములుతున్నాడు. బూట్లతోనే జంపఖానా ఎక్కి, మధ్యకు వెళ్ళి, మోకాలు ఆనించి వంగి, భూతద్దంతో పోగులు చూశాడు. ఆయన మొహం వెలిగింది. నోరు తెరిచి "బ్యూటిఫు..." అన్నాడు.

మాట పూర్తయ్యేలోపు నోట్లోది జారి తెల్లచార మీద పడింది.

సారు చూసుకోలేదు. ముందుకు జరగడానికి మోకాలు సరిగ్గా దాని మీదే మోపాడు. లేచాక నాలుకతో అటూ ఇటూ వెతుక్కున్నాడు. మింగేశానేమో అనుకున్నాడు కాబోలు, పొట్ట ఒకసారి తడుముకుని ఇంకొకటి నోట్లో వేసుకున్నాడు. "బేస్తవారం సొసైటీ చైర్మన్ సాబ్‌ను తీసుకుని వస్తా. ఆ రోజే ప్యాకింగ్" అని చెప్పి జీపెక్కాడు.

వాడకట్టంతా చూసింది! ఒక్కరైనా 'సారూ, మీ నోట్లోది పడ్డది' అన్నారా? అనలేదు. ఎట్లా అంటారండీ? పర్శరాములు నూలు కోటా కాగితం సారు టేబుల్ మీద ఉంది. బక్కమ్మ ఇంటిస్థలం అర్జీ అక్కడే ఉంది. మొగిలయ్య వృద్ధాప్య పింఛన్ సిఫారసూ అక్కడే ఉంది. నమిలింది సారు ఒక్కడే. పళ్ళు అతుక్కుపోయింది మాత్రం అందరికీ!

జీపు మలుపు తిరిగాక నోళ్ళు విడివడ్డాయి.

"పడంగనే నేను చూసిన" అన్నాడు పర్శరాములు.

"చూసినోనివి చెప్పకపోయినవురా?" అంది బక్కమ్మ.

"నువ్వు చూడలేదా అవ్వా?"

"నాకు కండ్లు ఆనయి కొడుకా."

"మరి పడ్డదని నీకెట్ల ఎరుక?"

"చప్పుడు ఇనవడ్డది గదరా!"

ఇక తీయడం మొదలైంది. నేతవాళ్ళ ఇళ్ళల్లో పోగుకు గంజి పెడతారు. అప్పుడప్పుడు గంజి ఉండకట్టి పోగుకు అంటుకుంటుంది. వేడినీళ్ళు తగిలిస్తే కరిగిపోతుంది. పర్శరాములుకు ముత్తాతల నాటి నుంచి తెలిసిన విద్య అది. తెల్లచార మీది ఉండను చూడగానే ఆయనకు ధైర్యం వచ్చింది.

"జర ఉడుకునీళ్ళు తే పిల్లా. గంజిగడ్డ అసుంటిదే గద ఇది, ఇప్పుడే వోతది."

సరోజనకు ఎందుకో మనసొప్పలేదు. కానీ పెద్దవాడు. తెచ్చి ఇచ్చింది. నీళ్ళు పడగానే ఉండ మెత్తబడింది. పర్శరాములు సంతోషంగా వేలు పెట్టి రుద్దాడు. అది కరగలేదు. సాగింది. నాణెమంత ఉన్నది అప్పచ్చంత అయింది. వేలు పైకెత్తితే వేలితో పాటు సన్నటి తీగ లేచి వచ్చింది.

"సాగుతాంది, సాగుతాంది!" అని కేక పెట్టాడు.

"ఇంకేం, కండెకు చుట్టు. నూలు కోటా కోసం సుబేదారి తిరిగే బాధ తప్పుతది" అంది బక్కమ్మ.

అక్కడితో ఆగారా? ఎవరో లాంతరులోంచి గాసునూనె తెచ్చారు. మరక పోలేదు, ఇల్లంతా కంపు పట్టింది. ఆ కంపు పోవడానికి బక్కమ్మ పల్లినూనె తెచ్చింది. పల్లినూనె మరక పోవడానికి కుంకుడుకాయ పులుసు వచ్చింది. కుంకుడు నురగకు పక్కనున్న ఎరుపు కాస్త కరిగి తెల్లచారలోకి దిగింది. ఏడాదిగా మాటల్లేని రెండు ఇళ్ళవాళ్ళు ఒకే ముద్ద దగ్గర తలకాయలు ఆనించి కూర్చున్నారు. చూశారా సమైక్యత! ఏ మీటింగుతో, ఏ ఊరేగింపుతో వస్తుందండీ ఇది?

ఆఖరికి సరోజన ఎవరికీ చెప్పకుండా గోలీసోడా బండి దగ్గరికి వెళ్ళి బర్ఫ్ ముక్క అడిగి తెచ్చింది. గట్టిపడేదాకా అదిమి పట్టి, కత్తెర వీపుతో గీకింది. పోగు తెగకుండా, మెల్లగా, వేళ్ళు మొద్దుబారి రంగు మారేదాకా గీకింది. ముద్ద పోయింది. అది ఉన్నచోట బూడిదరంగు మచ్చ ఒకటి అరచేయంత మిగిలింది. అక్కడి నూలు నలిగి, ముసలివాళ్ళ గడ్డంలా లేచింది.

మొగిలయ్య అరచేత్తో మచ్చను తడిమాడు.

"బేస్తవారం నేను చెప్త బిడ్డా. నీ నోట్ల నుంచే పడ్డదని ఆయన మొకం మీదనే అంట."

"వద్దు మామా. నీ పింఛన్ ఆయన చేతుల ఉన్నది."

"నీ పేరు వోతది గద!"

సరోజన మచ్చ మీద లేచిన పోగులను వేలితో ఒక్కొక్కటే కిందికి దువ్వింది.

బేస్తవారం రానే వచ్చింది. చైర్మన్ కిషన్ రావును వెంటబెట్టుకుని సారు వచ్చాడు. జంపఖానా పరిచారు. వాడకట్టు చుట్టూ నిలబడింది. సారు నములుతున్న దవడ ఒక్కసారి ఆగింది.

"వాట్ ఈజ్ దిస్? నేను చూసినప్పుడు ఫస్ట్ క్లాస్ ఉండె! ఏం పోసిండ్రు దీనిమీద?"

పర్శరాములు బక్కమ్మను చూశాడు, బక్కమ్మ పర్శరాములును చూసింది.

"ఇదే మీ తోటి వచ్చిన పరేషాన్. నెయ్యడం వస్తది గానీ నీట్‌గా ఉంచుకోవడం రాదు. ఢిల్లీల వీఐపీలు చూస్తరు. వాళ్ళు వరంగల్ గురించి ఏమనుకోవాలె? శుభ్రత అనేది నోట్ల మాట కాదు, అలవాటు కావాలె!"

శుభ్రత గురించి చెబుతున్నంతసేపూ ఆ ముద్ద ఎడమబుగ్గ నుంచి కుడిబుగ్గకూ, కుడిబుగ్గ నుంచి ఎడమబుగ్గకూ ప్రయాణం చేస్తూనే ఉంది. ఉపన్యాసం ఇంత తడిగా, ఇంత సాగుతూ ఉండాలంటే చూయింగ్ గమ్ లేకుండా అయ్యే పనేనా?

"ఎవరు చేసిండ్రు? చెప్పుర్రి!"

"పిల్లి, సార్" అన్నాడు పర్శరాములు.

అదే క్షణంలో "కోడి, సారూ" అంది బక్కమ్మ.

"పిల్లా? కోడా?"

"కోడెంబడి పడ్డ పిల్లి, సారూ" అని బక్కమ్మ సర్దింది.

సారు విసుగ్గా మోకాలు ఆనించి, భూతద్దం తీసి, మచ్చ మీదికి వంగాడు. దవడ ఆడుతోంది. పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. ఆ సంగతి చూసింది సరోజన ఒక్కతే. ఆమె చటుక్కున ఎదురుగా కూర్చుని, సారు గడ్డం కింద అరచెయ్యి పట్టింది. పసిపిల్లవాడు అన్నం ఉమ్ముతాడేమోనని తల్లి పడుతుంది చూడండి, అట్లా!

సారు బిత్తరపోయాడు. "ఏందమ్మా ఇది?"

"మీ నోట్లది పడ్తదేమోనని, సార్" అంది సరోజన మెల్లగా. "మొన్న చెయ్యి పట్టుడు యాదికి రాలే. తప్పు నాదే."

కిషన్ రావు మచ్చను చూశాడు. సారు నోటిని చూశాడు. మళ్ళీ మచ్చను చూశాడు. బక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది గాని, నవ్వు ముక్కులోంచి వచ్చింది. పర్శరాములు గోడవైపు తిరిగాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. సరోజన చెయ్యి మాత్రం అట్లాగే ఉంది, కదలకుండా.

సారు గుటక వేశాడు. ఆ గుటక వాడకట్టంతటికీ వినబడింది. ఈసారి నిజంగానే మింగాడు!

న్యాయం గెలిచిందనుకుంటున్నారా? మీరు ఆఫీసుల మొహం చూసినట్టు లేదు. సారు లేచి, ప్యాంటు దులుపుకుని, "డిఫెక్ట్ పీస్. రిజెక్ట్" అన్నాడు. మచ్చ ఎట్లా వచ్చిందన్నది ఆయనకు సంబంధం లేదు. మచ్చ ఉన్నదా లేదా అన్నదే రూల్! ఢిల్లీకి వేరే వీధి నుంచి వేరే జంపఖానా పోయింది.

కిషన్ రావు అందరినీ మంచి చేసుకునే మనిషి. పోతూ పోతూ ఒక ఉపాయం చెప్పాడు. "సార్ రూముల కింద పరవనీకి ఏం లేదు. సొసైటీ తరఫున ఇది అక్కడ ఏద్దాం. ఏం ఫికర్ చెయ్యకమ్మా, నీ కష్టం ఏడికి పోదు. ఆ మరక మీద ఏదన్న గుడ్డముక్క కుట్టు, కనవడొద్దు. గంతే."

ఆ సాయంత్రం సరోజన దేవుడి గూట్లోంచి గుడ్డముక్క తీసింది. జంపఖానా నడుమ, మచ్చ మీద పరిచి, నాలుగంచులా దగ్గరదగ్గర కుట్లు వేసింది. మచ్చకు అది కొలత తీసి చేసినట్టు సరిపోయింది. మొగిలయ్య పక్కన కూర్చుని చూశాడు.

"ఢిల్లీ పోయే పేరు బిడ్డా" అన్నాడు.

"సుబేదారి నయం మామా. మనం నడిసిపోయి చూసి రావచ్చు" అంది సరోజన దారం కొరుకుతూ.

జంపఖానాను సారు రూములో పరిచారు. టేబుల్ ముందు, అర్జీలు పట్టుకుని జనం నిలబడే చోటికి సరిగ్గా ఆ పేరు వచ్చింది. సారు ఫైళ్ళు తప్ప కిందివి చూసే అలవాటు లేనివాడు కనుక గమనించలేదు.

మన జనం సంగతి తెలుసు కదా. చదివినా చదవకపోయినా అక్షరాన్ని తొక్కరు. పొరపాటున కాలు తగిలితే వంగి వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటారు. మొదట వచ్చిన రైతు గుమ్మంలో చెప్పులు విడిచి నాలుగడుగులు వేశాడు. కాలి కింద అక్షరాలు! గబుక్కున పక్కకు జరిగి, నడుము వంచి, తాకి, కళ్ళకద్దుకున్నాడు. సారు ఆశీర్వదిస్తున్నట్టు తల ఊపాడు. తర్వాత వచ్చినవాడూ వంగాడు. ఆ తర్వాతి ఆమె అయితే మోకాళ్ళ మీద కూర్చుని మరీ మొక్కింది.

ఈ మధ్య పల్లెల్లో భయభక్తులు పెరిగాయని సారు ఇంట్లో చెప్పుకున్నాడట. బామ్మర్దికి కూడా రాశాడట.

ఆయన సంతోషం చూసి చూసి, చప్రాసి పెద్దులు ఒకనాడు ఉండబట్టలేకపోయాడు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. వాళ్ళు మొక్కేది మీకు గాదు సార్. ఆ కిందున్న పేరుకు."

సారు కుర్చీలోంచి లేచి వచ్చి, మొదటిసారి కిందికి చూశాడు. చదివాడు. మొహం కందగడ్డ అయింది. "తియ్! ఇప్పుడే పీకి అవతల పడెయ్!" అన్నాడు.

పెద్దులు కత్తెర తెచ్చాడు. కుట్లు బలంగా ఉన్నాయి. ఒక మూల విప్పి, కాస్త ఎత్తి, లోపలికి తొంగి చూసి ఆగాడు. బయట వరండాలో అర్జీలవాళ్ళు అందరూ గుమ్మంలోంచి చూస్తున్నారు.

"సార్, దీని కింద మీ చింగమ్ మరక ఉన్నది సార్. కొత్తవాడోళ్ళు చెప్తే నమ్మలే. పూరా విప్పమంటరా?"

సారు కాసేపు నమిలాడు. వరండా వైపు చూశాడు. ఇంకాసేపు నమిలాడు.

"ఉండనీ" అన్నాడు.

అది ఈనాటికీ అక్కడే ఉంది. ఇప్పుడు చెప్పండి! ఆ ముద్దే పడకపోతే ఆ పేరు ఢిల్లీలో ఏ హాల్లోనో, అడుగున, మూలన, ఎవరికీ కనబడకుండా ఉండేది. సుబేదారి ఆఫీసులో, సారు కళ్ళెదుట, వచ్చినవాళ్ళందరి చేతా మొక్కించుకునేదా? చూయింగ్ గమ్‌ను నేను ఊరికే పొగడలేదు.

చిట్కాలు రాసేవారికి ఒక్క మనవి. ఐసు ముక్కలూ మొండి కత్తులూ ఇక చాలు. పడ్డాక తీసే ఉపాయాలు మాకు వచ్చు, వాడకట్టంతా కలిసి అన్నీ చేసి చూసింది. పడకముందే ఆ నోటి కింద చెయ్యి పట్టే ఉపాయం అచ్చువేయండి. దానికి ఫ్రిజ్ అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. అరచెయ్యి చాలు. అది గీకేవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంటుంది.